కారు ఒకకాడ పెట్టి గుండ్రంగ తిరిగొచ్చే నడక దారులు మన పాలమూరు, నల్లగొండ దిక్కు సైకిల్‌కు పనికొస్తయా?

తమ్మీ, నువ్వు అడిగింది మొత్తం మూడు ముక్కలు. కారు ఒకకాడ ఆపి గుండ్రంగ తిరిగి మళ్ల కారు కాడికే వచ్చే దారులు మహబూబ్‌నగర్, నల్లగొండ చుట్టుపక్కల ఉన్నయా అని ఒకటి, మీ ఇంటామె నడుస్తది, నువ్వూ పన్నెండేండ్ల పిలగాడూ సైకిల్ తొక్కుతరు కాబట్టి ఒకటే దారి అందరికీ సరిపోతదా అని ఇంకోటి, ఏ సైకిల్ కొనాలె అని మూడోది. ఇంగ్లండ్ల ఉన్న మీ బావమరిది పంపిన ఫొటోలు చూసి ఈ ఆలోచన వచ్చిందని రాసినవ్, కార్ పార్కింగ్ కాడ పెద్ద బోర్డు, దాని మీద మ్యాపు, దారి పొడుగూత రంగు బాణాలు. నేను ఈ దిక్కు చానా ఏండ్ల సంది తొక్కుతున్న, ఆదివారం పూట కొత్తోళ్లను వెంటబెట్టుకొని తిప్పుతుంట, అందుకే జర పొడుగ్గనే చెప్త, చాయ్ పెట్టుకొని చదువు.

అన్నిటికంటె ముందు చెప్పాల్సింది ఏందంటే, నడక దారి సైకిల్‌కు పనికొస్తదా లేదా అనేది దాని పొడుగు చూసి చెప్పేది కాదు, దాంట్ల అన్నిటికంటె అధ్వానంగ ఉన్న రెండొందల మీటర్లు చూసి చెప్పాలె. ఐదు కిలోమీటర్ల దారి ఉందనుకో, దాంట్ల నాలుగున్నర కిలోమీటర్లు మంచి మొరం రోడ్డే ఉండొచ్చు, మిగిలిన కాడ ఒక వాగు, పది మెట్లు, ఒక మనిషి మాత్రమే పట్టే తిరుగుడు గేటు, రైతు అడ్డం పెట్టిన ముండ్ల కంప ఉంటయి. నడిచేటోడు చెప్పులు చేతిల పట్టుకొని దాటిపోతడు, వానికి ఇంటికొచ్చినంక అది యాదికి గూడ ఉండది, అందుకే ఎవరన్న "దారి మస్తుంది అన్నా" అంటే ఆ మాట నడిచినోడు చెప్పిండా తొక్కినోడు చెప్పిండా అని అడుగు.

మీ బావమరిది ఉన్న కాడ గూడ కార్ పార్కింగ్ నుంచి మొదలయ్యే ప్రతి దారి మీద సైకిల్ పోనియ్యరు, అది ఫొటోల కనవడది. ఇంగ్లండ్, వేల్స్‌ల పసుపు బాణం ఉంటే ఫుట్‌పాత్, అది నడిచేటోళ్లదే. నీలం బాణం ఉంటే బ్రైడిల్‌వే, గుర్రాలు పోయే దారి, దాని మీద సైకిల్‌కు గూడ హక్కుంటది, ఆ హక్కు 1968 చట్టంతోని వచ్చింది, అది గూడ నడిచేటోళ్లకూ గుర్రాల మీదోళ్లకూ దారి ఇచ్చి పోవాలె అనే షరతు మీద. స్కాట్లండ్ల 2003 చట్టం ఇంకా వదులు, బాధ్యతగ పోతే నడకైనా సైకిలైనా చానా చోట్ల పోవచ్చు. మన దగ్గర అట్లాంటి బాణాల పద్ధతి లేదు కాబట్టి ఆ దారి ఎవరిదో తెలుసుకోవాలె, కట్ట ఇరిగేషనోళ్లది, అడవి ఫారెస్టోళ్లది, గుట్ట దేవస్థానందో వక్ఫ్‌దో, పార్కు మున్సిపాలిటీది, పొలం గట్టు రైతుది. ఎవరిదో తెలిస్తే పోనిస్తరా లేదా అనేది సగం తేలిపోతది.

ఇగ మన దారుల సంగతి. ఈ దిక్కు పొద్దున నడిచేటోళ్ల దారులు చానా మటుకు చెరువు కట్టలే. 2015ల మిషన్ కాకతీయ మొదలైనంక చెరువుల పూడిక తీసి కట్టలు వెడల్పు చేసిండ్రు, టౌన్ల కాడ మినీ ట్యాంక్‌బండ్‌లు వచ్చినయి, మహబూబ్‌నగర్ల పెద్దచెరువు, సూర్యాపేటల సద్దుల చెరువు అట్లాంటియే. అయితే కట్ట అంటే ఒక గీత, గుండ్రం కాదు. ఒక కొసన ఎక్కితే ఇంకో కొసన దిగుతవ్, దానికి ఎదురుంగ ఉన్న ఒడ్డు ఏముంటది, శిఖం భూమి అంటే చెరువు నిండితె నీళ్లు నిలిచే నేల, తుమ్మ చెట్లు, బర్ల దారులు, చెరువుకు నీళ్లొచ్చే వాగు. మే నెలల శిఖం ఎండి పర్రెలు వడ్డప్పుడు ఎవడో నడుచుకుంట మొత్తం చుట్టు తిరుగుతడు, ఫోన్ల రికార్డు చేస్తడు, "చెరువు చుట్టు సర్కిల్ ట్రయల్" అని పెడ్తడు, నువ్వు దాన్ని పట్టుకొని సెప్టెంబర్ల పోతే సగం దారి నీళ్లల్ల ఉంటది. పోనీ ఎండాకాలం ఎండుతది కదా అంటే అది గూడ ఇప్పుడు నమ్మకం లేదు, ఎందుకంటె కల్వకుర్తి లిఫ్టు, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ లిఫ్టు వచ్చినంక పాలమూరుల చానా చెరువులకు కృష్ణ నీళ్లు వస్తున్నయి, వానకూ చెరువు మట్టానికీ పాత లెక్క కుదురుతలేదు.

నా మాట వింటే నీళ్ల చుట్టు తిరగాలె అనే కోరిక వదిలెయ్, ఆయకట్టు చుట్టు తిరుగు. అంటే కట్ట మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు పో, అక్కడ కిందికి దిగి తూము కాల్వ ఎంబడి ఉన్న ట్రాక్టర్ బాట పట్టు, వరి పొలాల నడుమ నుంచి ఊర్లకు పో, ఊరి రోడ్డు మీద మళ్ల కట్ట కాడికి రా. ఇది చానా చెరువులకు కుదురుతది, ఎందుకంటె చెరువు కట్టినోళ్లే నీళ్లు పారే దిక్కు ఊరునూ పొలాన్నీ పెట్టుకున్నరు, బండ్ల బాటలు అటే ఉంటయి, వాలు గూడ మెల్లగ ఉంటది. శిఖం దిక్కు ఆ సదుపాయం ఉండది.

దీంట్ల గూడ రెండు మూడు చూసుకోవాలె. మత్తడి, అంటే అలుగు, దుంకుతుంటె దాని మీదికెల్లి సైకిల్ తీస్కపోవద్దు, చీలమండ లోతే కదా అనిపిస్తది గానీ కింద సిమెంటు మీద పాకురు వడ్తది, టైరు పక్కకు జారితె కాలు పెట్టినా ఆగది, పిలగాడు ఎంబడి ఉన్నప్పుడు అస్సలే వద్దు, ఎన్కకు తిరిగి రా, అయిపాయె. కట్ట మీద పిలగాన్ని ఊరి దిక్కు అంచున తొక్కిపియ్యి, నీళ్ల దిక్కు రాతి కట్టుడు ఉంటది, రెయిలింగ్ చానా చోట్ల ఉండది. ఆయకట్టు బాటల మీద నాట్లప్పుడు ట్రాక్టర్లు ఇనుప కేజ్ వీల్స్‌తోని తిరిగి బాటను గీతలు గీతలుగ కోసి పెడ్తయి, అది ఎండినంక నడిచేటోనికి ఏం గాదు, సైకిల్ మీద నీ నడుం ఊసిపోతది. ఇగ అక్టోబర్ ఆఖరు, నవంబర్ల, మళ్ల ఏప్రిల్, మేల వడ్లు. కట్ట మీద, ఊరి రోడ్డు మీద, సగం రోడ్డు వడ్లే ఆరబోస్తరు, చుట్టు రాళ్లు పెడ్తరు, చీకట్ల నల్ల కవర్ కప్పి ఉంటది, తెల్లారక ముందు లైట్ లేకుంట పోతే నేరుగ రాళ్లకు గుద్దుకుంటవ్. వడ్ల మీదికెల్లి తొక్కుడు వద్దు, వాళ్ల పంట అది, పైగా గింజల మీద టైరు మస్తు జారుతది. ఆ నెలల్ల దిగి నడిపించుకుంట పో, లేకపోతే వేరే దారి చూస్కో.

నల్లగొండ దిక్కు నేను కొత్తోళ్లకు ముందు చెప్పేది పానగల్. టౌన్‌కు నాలుగు కిలోమీటర్లు ఉంటది. పచ్చల సోమేశ్వరం గుడి, పక్కన మ్యూజియం, ఆ కాడ కారు పెట్టుకోని ఉదయ సముద్రం కట్ట మీదికి పోవుడు, అటెంక పొలాల దిక్కు దిగి ఛాయా సోమేశ్వరం గుడి చూస్కొని ఊర్లకెల్లి వచ్చుడు. అవి కందూరు చోడ రాజుల కాలం గుళ్లు, ఛాయా సోమేశ్వరంల గర్భగుడి గోడ మీద రోజంత నీడ ఒకటే కాడ కనవడ్తది, పిలగానికి సైన్సు పాఠం అయితది, అక్కడ ఓ అర్ధగంట కూసోండ్రి. ఉదయ సముద్రం ఇప్పుడు పాత చెరువు ఒక్కటే కాదు, ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాల్వకు నీళ్లు నిలువబెట్టే బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, సాగర్ ఎనక నీళ్లు పుట్టంగండి కాడ ఎత్తితే అక్కంపల్లి మీదికెల్లి ఇక్కడికి వస్తయి, అంటే ఎండాకాలం గూడ నీళ్లు నిండుగ ఉండొచ్చు, శిఖం దిక్కు అడ్డదారి కొడ్దాం అనుకుంటె బురదల పడ్తవ్. కట్ట మీద బండ్లు తిరుగుతయి, కాబట్టి పొద్దున ఏడు లోపల కట్ట ముచ్చట ముగించుకొని పొలాల దిక్కు దిగాలె. టౌన్ల లతీఫ్ సాబ్ గుట్ట నడకకు మంచిదే, మెట్ల దారి కాబట్టి సైకిల్ కింద తాళం వేసి ఎక్కుడే. దేవరకొండ ఖిల్లా, భువనగిరి ఖిల్లా గూడ అంతే, అవి కాళ్లకు ఉన్న దారులు.

పాలమూరు కాడ పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు గురించి అందరు అడుగుతరు. లోపల సైకిల్ ఆలోచనే పెట్టుకోకు. 2017 డిసెంబర్ల కొమ్మ విరిగి పడ్డది, చెదలు పట్టింది, ఆ తర్వాత సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించుకున్నరు ఆ చెట్టును, మనం బయటికెల్లే చూసి సంబరపడాలె. దానికంటె అప్పన్నపల్లి దగ్గర ఫారెస్టోళ్ల అర్బన్ ఎకో పార్కు చూడు, జడ్చర్ల రోడ్డు మీద, 2,000 ఎకరాల పైచిలుకు రిజర్వ్ ఫారెస్టు అది, పార్కింగ్ ఉంది, టికెట్ ఉంటది. గేటు కాడ సైకిల్ ఎంత దాక పోనిస్తరో ఆ రోజు అడుగు, వాళ్లు కాదన్న దారిల దూరొద్దు, లోపల జీవాలు ఉన్నయి. ఇంటామె లోపల నడుస్తది, మీరిద్దరు పోనిచ్చిన కాడికి తొక్కుతరు, అది సులువైన ఏర్పాటు.

మన్యంకొండ ఇంకో రకం, గుడి ఉన్న గుట్ట అది. దేవరకద్ర పోయే రోడ్డు మీద ఉంటది, గుట్ట మీదికి బండ్లు పోయే రోడ్డు వేరు, మెట్లు వేరు, అంటే నడిచేటోళ్లకు అది సొంతంగ ఒక గుండ్రం అయితది, మెట్లెక్కి రోడ్డు మీద దిగొచ్చు. సైకిలోళ్లు ఎక్కుడూ దిగుడూ రోడ్డు మీదనే. ఎక్కేటప్పుడు ఊపిరి ఆగుతది గానీ అపాయం ఉండది, దిగేటప్పుడే చూస్కోవాలె, మలుపుకు ముందే బ్రేక్ పట్టి మలుపుల వదలాలె, రెండు బ్రేకులు కలిపి విడుతలు విడుతలుగ పట్టాలె, ముందుది ఒక్కటే గట్టిగ పడితె ఎగిరి పడ్తడు పిలగాడు. జాతర టైంల, శనివారాలు, అటు పోకుండ్రి, కార్లు, ఆటోలు నిండి ఉంటయి.

సాగర్ దూరమే గానీ ఒక రోజు పెట్టుకోని పోవచ్చు. డ్యామ్ మీద తొక్కుతం అని పోతే సెక్యూరిటీ వాళ్లు ఆపుతరు, ఆపాలె గూడ. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ రోడ్లు మాత్రం మంచిగుంటయి, డ్యామ్ కట్టేటప్పుడు వేసిన కాలనీలు, చెట్లున్నయి, ఒకటి పైన, ఒకటి కింద ఉంటయి కాబట్టి ఎక్కుడు దిగుడు రెండూ దొరుకుతయి. 2022ల తెరిచిన బుద్ధవనం 274 ఎకరాలు, అది ఇంటామె తీరుబడిగ నడిచే జాగ, లోపల సైకిల్ వద్దు, కారు అక్కడ పెట్టి మీరు కాలనీ రోడ్ల దిక్కు పోవచ్చు. ఎడమ కాల్వ గట్టు మీద తొక్కుదమా అని చానామంది అడుగుతరు. కాల్వ గట్టును గుండ్రం చేసే ఉపాయం ఒకటే, ఒక గట్టు మీద పోయి తర్వాతి బ్రిడ్జి దాటి రెండో గట్టు మీద ఎన్కకు వచ్చుడు, అయితే మెయింటెనెన్స్ బండ్లు తిరిగే బాట ఎక్కువ ఒక గట్టుకే ఉంటది, రెండో గట్టు కంప పట్టి ఉంటది, ముందు నడిచి చూడకుంట పోతే మధ్యల ఇరుక్కుంటవ్. కాల్వ లోపలి వాలు సిమెంటు, నీళ్లు జోరు, పడ్డోడు సొంతంగ ఎక్కి రాలేడు, పిలగానితోని అయితే నేను ససేమిరా వద్దంట.

అమ్రాబాద్ గురించి ఖచ్చితంగ చెప్త. అది 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం, రోడ్డు దిగి సొంతంగ దారి వెతుకుడు నడకకైనా సైకిల్‌కైనా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మన్ననూర్ నుంచి శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక మూసి ఉంటది. ఫరహాబాద్‌కు ఫారెస్టోళ్ల సఫారీ బండిల పో, మల్లెలతీర్థం జలపాతానికి మెట్లు దిగి పో, సైకిల్ ఇంట్ల పెట్టు. ఎవడో యూట్యూబ్‌ల అడవిల తొక్కుతున్న వీడియో చూసి నాకు పంపుతుంటరు, వానికి పులి కనవడకపోవుడు వాని అదృష్టం, పులికి వాడు కనవడలేదని అనుకోవద్దు.

ఇప్పుడు నీ అసలు కష్టం, ఇంటామె నడక, మీ తొక్కుడు. నడక గంటకు ఐదు కిలోమీటర్లు అనుకుందాం, పిలగాడు కట్ట మీద ఆడుకుంట తొక్కినా పది, పన్నెండు పోతడు. ఆమెకు గంట పట్టే దారి మీకు అర్ధగంటల అయిపోతది, రెండో రౌండుకు వానికి విసుగు. ఒకటే దారి అందరికీ సరిపెట్టాలె అనుకోవద్దు, ఎనిమిది అంకె గీసుకో, నడుమ గంటు కాడ కారు. చిన్న గుండ్రం కట్ట, గుడి, ఆమెకు నాలుగైదు కిలోమీటర్లు. పెద్ద గుండ్రం ఆయకట్టు, ఊర్లు, మీకు పది పన్నెండు. ఇద్దరు ఒక టైం పెట్టుకోని కారు కాడ కలుసుకుంటరు, నీళ్లు, టిఫిన్ అక్కడనే, అటెంక చిన్న గుండ్రం అందరు కలిసి తిరగొచ్చు. తాళంచెవి మాత్రం నడిచేటామె దగ్గరే ఉండాలె, మొదలు వచ్చేది మీరే అయినా సరే, ఎందుకంటె పంక్చర్ అయ్యేది మీకు, ఎండల నిలబడేది ఆమె.

పంక్చర్ అంటే గుర్తొచ్చింది, మన దగ్గర సైకిల్‌కు మొదటి శత్రువు గుట్ట కాదు, పల్లేరుగాయ. వానలు అయిపోయినంక కట్టల అంచులకు పాకి ఉంటది, దసరా నుంచి కాయలు ఎండి గట్టివడ్తయి, చెప్పుకు గుచ్చుకుంటె గీకి పారేస్తం, ట్యూబుకు మూడు నాలుగు చోట్ల ఒక్కసారే దిగుతది. దానికి తోడు సర్కారు తుమ్మ, కంప కొట్టి బాట మీద ఈడ్చుకపోయిన కాడ ముండ్లు రాలి ఉంటయి. కట్ట నడుమ టైర్లు తిరిగిన గీతలోనే తొక్కాలె, అంచుకు దిగొద్దు. స్పేర్ ట్యూబులు రెండు, చిన్న పంపు, టైరు ఊడదీసే లివర్లు సైకిల్ మీదనే ఉండాలె, కార్ల పెట్టి పోతే ఏం లాభం. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల చేతివేలితోని మెల్లగ మొత్తం తడిమి చూడు, ఒక్క ముల్లు మిగిలినా కొత్త ట్యూబు పది నిమిషాలల్ల పోతది. టైరుకూ ట్యూబుకూ నడుమ వేసే లైనర్ పట్టీ తక్కువ ధరకే వస్తది, మన నేలకు అది వేయించుకోవాలె. వాల్వు బైకుల దానిలాంటి లావుది తీస్కో, సన్న వాల్వు అయితే ఊర్ల పంక్చర్ షాపుల గాలి కొట్టుడు కుదరది, అడాప్టర్ మోయాలె.

నేల సంగతి గూడ చూస్కో. నల్లగొండ, పాలమూరుల ఎక్కువ ఎర్ర చెల్క, వాన పడ్డ రెండు మూడు గంటలకే తొక్కనిస్తది, పల్లం కాడ ఇసుక పేరుకుంటది, అక్కడ హ్యాండిల్ బిగవట్టకుంట పెడల్ ఆపకుంట పోవాలె. గద్వాల, అలంపూర్ దిక్కు నల్లరేగడి, వాన పడితె ఆ దారులు మర్చిపో, టైరుకు రొట్టె పిండి అంటినట్టు అంటి ఫోర్కుల ఇరుక్కొని చక్రమే తిరగది, సైకిల్ భుజం మీద వేసుకొని వచ్చుడే. జూన్ నుంచి ఆగస్టు దాక పడమటి గాలి జోరుగుంటది, ఆ నెలల్ల గుండ్రాన్ని పడమటి దిక్కు మొదలుపెట్టు, అలిసిపోయినంక గాలి వీపున తన్నుతది. ఎండాకాలం ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిలోపు కారు కాడ ఉండాలె, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక హాయి.

మినీ ట్యాంక్‌బండ్‌ల మీద పొద్దున నడిచేటోళ్లు నిండి ఉంటరు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోని నలుగురు వరుసగ నడుస్తరు, బెల్లు వినవడది. దగ్గరికొచ్చి బెల్లు కొడితె పెద్దమనుషులు బెదిరి అటో ఇటో జరుగుతరు, దూరం నుంచే కొట్టి, స్పీడు తగ్గించి, "పెద్దాయనా, కుడి పక్క నుంచి వస్తున్న" అని చెప్పి పో. అక్కడ ప్రాక్టీస్ చేయించకు పిలగానికి. ఊర్లల్ల కుక్కలు ఎంబడి పడితె దిగు, సైకిల్ నడుమ అడ్డం పెట్టుకోని నడువు, చానా మటుకు ఊరుకుంటయి. గొర్ల మంద ఎదురైతె ఆగి నిలబడు, మంద అంతా పోనియ్యి, చీల్చుకోని పోతే గొల్లాయన తిడ్తడు, తిట్టాలె గూడ. కారు పొలం బాట మొగదాల పెట్టకు, ట్రాక్టర్ వస్తది, హార్వెస్టర్ వస్తది, నువ్వేమో రెండు ఊర్ల అవతల ఉంటవ్. గుడి కాడనో, బడి గోడ పక్కనో, హోటల్ ముందునో పెట్టి అక్కడోళ్లకు ఒక మాట చెప్పి పో.

సైకిల్ ముచ్చట ఆఖరికి. రోడ్ బైక్ వద్దు, సన్న టైరు ఈ దారులకు రాదు. నీకు హైబ్రిడ్, అంటే రోడ్డుకూ మట్టి బాటకూ నడుమ రకం సైకిల్, సరిపోతది, టైరు 40 మిల్లీమీటర్లకు తక్కువ ఉండొద్దు, గాలి ఒత్తిడి 45, 50 పీఎస్‌ఐ దగ్గర పెట్టు. ఆయకట్టు బాటలే ఎక్కువ అనుకుంటె రెండించుల టైరున్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) తీస్కో, గాలి 30 దగ్గర. పిలగానికి 24 ఇంచుల చక్రం, ఎత్తు బట్టి కూసోబెట్టి చూసి తీస్కో, కాలి మునివేళ్లు నేలకు ఆనాలె. తక్కువ ధరల ముందు ఎనక సస్పెన్షన్ ఉన్న సైకిల్ షోకుగ కనవడ్తది, వాడు అదే కావాలంటడు, అది బరువు తప్ప ఇంకేం ఇయ్యది, ఎక్కుడుల వాడు ఏడుస్తడు. సస్పెన్షన్ లేని ఫోర్కు, మంచి డిస్క్ బ్రేకులు, ఎనక ఏడో ఎనిమిదో గేర్లు, అంతే చాలు. మీ కారు హ్యాచ్‌బ్యాక్ అన్నవ్ కదా, ఎనక సీటు మడిచి రెండు సైకిళ్ల ముందు చక్రాలు తీస్తె లోపలనే పడ్తయి, నడుమ పాత దుప్పటి వెయ్యి. అయితే ఇంటామె ముందు సీట్ల, పిలగాడు ఎక్కడ కూసోవాలె అనేది చూస్కో, లేకపోతే డిక్కీకి కట్టే స్టాండు కొనాలె, అది నంబర్ ప్లేటుకూ ఎనక లైట్లకూ అడ్డం రాకుంట బిగించాలె.